తప్పంతా కొవ్వు మీదికి నెట్టాను

ఆ తలనొప్పి మెల్లగా మొదలవలేదు. స్నానం చేసి జుట్టు తుడుచుకుందామని తల వంచాను. తువ్వాలు చేతిలో ఉండగానే మెడ వెనక ఏదో ఫట్‌మని తెగినట్టయింది. నిమిషం తిరగకముందే నొప్పి భరించలేనంతగా పెరిగిపోయింది. మైగ్రేన్ నాకు పాత చుట్టమే, దాని రాకపోకలు నాకు తెలుసు. ఇది ఆ జాతి కాదు. గోడ పట్టుకుని వాంతి చేసుకోవడం, దీపం వెలుతురు కళ్లలో సూదుల్లా గుచ్చుకోవడం గుర్తున్నాయి. ఆ తర్వాతి మూడు రోజుల గురించి మా ఆయనా అక్కా చెప్పగా విన్నదే.

సీటీ స్కాన్‌లో మెదడు చుట్టూ రక్తం తెల్లగా పరుచుకుని కనిపించిందట. మెదడును కప్పే పొరల మధ్య నీరు కదలాడే సన్నని ఖాళీ ఒకటి ఉంటుంది. రక్తం చేరింది అక్కడికే. దీన్ని సబ్‌అరక్నాయిడ్ రక్తస్రావం అంటారు. రక్తనాళం గోడ ఒకచోట పలచబడి బుడగలా ఉబ్బింది, ఆ బుడగ పగిలింది. మొదటి 24 గంటల్లో అది మళ్లీ పగిలే ప్రమాదం ఎక్కువ కాబట్టి అదే రోజు గజ్జల దగ్గర నుంచి సన్నని గొట్టం పైకి పంపి, ఆ ఉబ్బు లోపల ప్లాటినం తీగచుట్టలు నింపారు. లోపల నీరు పేరుకుంటోందని తలకు చిన్న రంధ్రం చేసి, ఆ నీరు బయటికి పోయేలా డ్రెయిన్ గొట్టం పెట్టారు. వెంటిలేటర్ మీద నిద్రలో ఉంచారు.

నేను లెక్కలు చూసే ఉద్యోగిని. స్పృహ వచ్చి కాస్త తేరుకున్నాక నా చేతికి అందిన మొదటి కాగితం మీద నాకు కనిపించింది ఒకే ఒక్క అంకె. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలోని ఒక రకం కొవ్వు, 460. పక్కనే 150 లోపు ఉండాలని రాసి ఉంది. చెడు కొలెస్ట్రాల్ గడిలో అసలు అంకే లేదు, లెక్కించడం వీలు కాలేదని రాశారు.

నా మనసుకు అంతకన్నా ఏం కావాలి? దోషి దొరికింది. ఒంట్లో కొవ్వు పెరిగింది, నాళం పగిలింది. చూడటానికి వచ్చిన వాళ్లందరికీ అదే చెప్పాను. అక్క అయితే ఒకడుగు ముందుకేసి, నేను ఏయే వయసులో ఏమేం తిన్నానో జాబితా తయారు చేసింది. దాన్ని కాదనలేదు. కాదనకపోవడానికి నాకో కారణం ఉంది, ఆ సంగతి తర్వాత చెబుతాను.

రౌండ్లకు వచ్చిన డాక్టర్ గారిని అడిగాను. ఆవిడ కాగితం చూడకుండానే, "ఆ కొవ్వు మీది కాదమ్మా, మేమిచ్చింది" అన్నారు.

నన్ను నిద్రలో ఉంచడానికి ఎక్కించిన మందు ప్రోపోఫాల్. చూడటానికి అచ్చం పాలే. పక్క మంచం దగ్గర వేలాడుతున్న సీసాను ఆవిడ చూపించేదాకా నేను దాన్ని పోషకాహారం అనుకున్నాను. ఆ తెలుపుకు కారణం నూనె. మందు నీటిలో కరగదు కాబట్టి సోయా నూనెతో కలిపి చిలికినట్టు తయారు చేస్తారు. రోజుల తరబడి అది నరంలోకి వెళుతుంటే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. అందుకే మధ్యమధ్య పరీక్షిస్తారు, పెరిగితే మరో మందుకు మారతారు. నాకూ మార్చారు. చెడు కొలెస్ట్రాల్ గడి ఖాళీగా ఉండటానికి కారణమూ ఇదే. చాలా ల్యాబులు దాన్ని మిగతా అంకెల నుంచి సూత్రంతో లెక్కగడతాయి, ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ సూత్రం పనిచేయదు. లెక్కల మనిషినై ఉండి, ఎలా వచ్చిందో అడగకుండా అంకెను నమ్మినందుకు సిగ్గేసింది.

ఆరో రోజు నాటికి నా ట్రైగ్లిజరైడ్లు 190. అంతా చక్కబడిందనుకున్నాను. అసలు ప్రమాదం ఏడో రోజున వచ్చింది.

ఉదయం సిస్టర్ తన జేబులోని పెన్ను చూపించి ఇదేమిటని అడిగారు. రోజూ అడిగే ప్రశ్నే. పెన్ను కనిపిస్తోంది. దానితో ఏం చేస్తారో తెలుసు. ముప్ఫై ఏళ్లుగా దానితోనే బతుకుతున్నాను. మాట మాత్రం రాలేదు. నాలుక మీద లేదు, మనసులోనూ లేదు, ఆ పదం ఉండాల్సిన చోట నున్నగా ఖాళీ. "రాసేది" అన్నాను. రెండు చేతులూ ముందుకు చాపమన్నారు. కుడిచేయి నా ప్రమేయం లేకుండా మెల్లగా కిందికి జారింది. సిస్టర్ ముఖంలో నవ్వు మాయమైంది.

దీన్ని వాసోస్పాజమ్ అంటారు. బయటికి చిందిన రక్తం విరుగుతున్న కొద్దీ మెదడు అడుగున ఉన్న నాళాలు ముడుచుకుపోతాయి. మూడో రోజు తర్వాత మొదలై, ఏడు నుంచి పది రోజుల మధ్య ఉద్ధృతమై, రెండు వారాల దాకా పొంచి ఉంటుంది. రోజూ కణత మీద చల్లటి జిగురు రాసి చిన్న పరికరం ఆనించి రక్తం వేగం చూసేది ఇందుకే. సందు ఇరుకైతే ప్రవాహం జోరందుకుంటుంది. సెకనుకు 120 సెంటీమీటర్లు దాటితే అనుమానించాలి, 200 దాటితే తీవ్రం. ఆ రోజు నాది 180. ముందురోజు వరకు ఆ పరికరం చప్పుడు గాలి వీచినట్టుండేది, ఆ రోజు ఈల వేసినట్టు వినిపించింది.

ఇందులోనూ కొవ్వు పాత్ర ఉందని డాక్టర్ గారు తర్వాత చెప్పారు, కానీ ల్యాబు కాగితం మీద కనిపించే కొవ్వు కాదు. ఎర్రకణాలు పగిలినప్పుడు బయటపడే హిమోగ్లోబిన్ అక్కడి కణాల పొరల్లోని కొవ్వులను ఆక్సీకరణ చెందిస్తుంది, ఆ పదార్థాలు నాళాలను రేపుతాయి. మరి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు ఇవ్వవచ్చు కదా అంటే, అదీ ప్రయత్నించారట. మొదటి చిన్న అధ్యయనాలు ఆశ కల్పించాయి. 803 మందితో, రోజుకు 40 మిల్లీగ్రాముల సింవాస్టాటిన్‌తో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2014లో వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే ఏ తేడా లేదు.

నాకు చేసిన చికిత్స వింటే నవ్వొస్తుంది. బీపీ పెంచారు. కావాలనే, మందు ఎక్కించి మరీ పెంచారు. ఇరుకైన నాళాల్లోంచి రక్తాన్ని అవతలికి తోయడానికి ఒత్తిడి కావాలి, పగిలినచోటు మూసి ఉంది కాబట్టి భయం లేదు. మానిటర్ మీద బీపీ 180 చూసి మా ఆయన సిస్టర్‌ని కేకేశారట. సాయంత్రం అయిదింటికి "పెన్ను" అన్నాను. ఎవరూ అడగలేదు, దానంతట అదే వచ్చింది. రాత్రికి చెయ్యి నిలబడింది.

ఇక నిమోడిపిన్, నాళాలు ముడుచుకోవడం వల్ల మెదడుకు జరిగే నష్టాన్ని తగ్గించడానికి ఇచ్చే మందు. నాలుగు గంటలకోసారి 60 మిల్లీగ్రాములు, అంటే రెండు మాత్రలు, 21 రోజులు. రాత్రి రెండింటికి కూడా లేపుతారు. మొత్తం 252 మాత్రలు, నేను లెక్కపెట్టాను. ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు వాళ్లు. ఆ రాత్రి రెండు గంటల మాత్రలు మింగుతున్నప్పుడల్లా నేను దాచిన సంగతి గొంతులో అడ్డుపడేది. నాకు బీపీ ఉంది. తల తిరుగుతోందనే సాకుతో ఎనిమిది నెలల క్రితం ఆ మాత్ర మానేశాను, ఇంట్లో చెప్పలేదు. ఇలాంటి ఉబ్బులు ఏర్పడటానికీ పగలడానికీ పొగతాగడం, అధిక రక్తపోటు పేరున్న కారణాలు. నా విషయంలో అదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు. అందుకే మరీ సులువుగా కొవ్వు వెనక దాక్కున్నాను. కొవ్వు తెలియకుండా పెరుగుతుంది, మాత్ర మాత్రం తెలిసే మానేస్తాం.

మధ్యలో రక్తంలో సోడియం పడిపోయింది, సరిచేశారు. డ్రెయిన్‌లో నీరు ఎరుపు నుంచి లేత పసుపుకు, తర్వాత మామూలు నీటి రంగుకు వచ్చాక తీసేశారు. ఇరవై మూడో రోజు ఇంటికి వచ్చాను.

ఇంటికి రావడం అంటే కోలుకోవడం కాదని నాకెవరూ గట్టిగా చెప్పలేదు. రెండు కాగితాలు కూడితే మూడో దానికి నిద్ర వచ్చేది. ఒకేసారి ఇద్దరు మాట్లాడితే ఏడుపు వచ్చేది. తుమ్ము వచ్చినా మళ్లీ పగిలిందేమోనని గోడ పట్టుకునేదాన్ని.

మూడు నెలలకు కొవ్వు పరీక్ష మళ్లీ చేయించారు. ట్రైగ్లిజరైడ్లు 140, చెడు కొలెస్ట్రాల్ 168. ఆసుపత్రిలో పదో రోజున అది 92 మాత్రమే. తీవ్రమైన జబ్బులో కొలెస్ట్రాల్ తాత్కాలికంగా పడిపోతుందట, అప్పటి అంకె చూసి సంతోషించకూడదు. అంటే నాకు అప్పుడు ఎక్కువ కనిపించినది నాది కాదు, తక్కువ కనిపించినదీ నాది కాదు. ఇప్పుడు స్టాటిన్ వాడుతున్నాను. తలకు కాదు, గుండె కోసం.

ఆ రిపోర్టు పట్టుకుని మా ఆయన, "చూశావా, ఇది నిజంగానే ఎక్కువుంది" అన్నారు. ఇక ఆగలేకపోయాను. బీపీ మాత్రల సంగతి చెప్పాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "డ్రాయరులో చూశాను. ఆసుపత్రికి నీ పాత చీటీలు కావాలంటే వెతికినప్పుడు. నాలుగు పట్టీలు, సీలు కూడా విప్పలేదు."

"మరి ఎందుకు అడగలేదు?"

"డాక్టరుకు ఆ రోజే చెప్పాను. నిన్ను అడగడం దేనికి?"

లేచి వెళ్లి బీపీ యంత్రం తెచ్చి నా చేతికి పట్టీ చుట్టారు. 128, 82. పుస్తకంలో రాసుకున్నాను.