కాంటర్‌బరీ మెట్లు

లండన్ నుంచి రైలులో సుమారు గంట ప్రయాణించి కాంటర్‌బరీలో దిగేసరికి సన్నగా జల్లు పడుతోంది. కేథడ్రల్‌ (ఆ ఊరి ప్రధాన చర్చి) కన్నా ముందుగా నేను ఊరికి తూర్పున ఉన్న సెయింట్ మార్టిన్ చర్చికి వెళ్లాను. క్రీ.శ. 597లో రోము నుంచి మతప్రచారానికి వచ్చిన అగస్టీన్, ఆయన వెంట వచ్చిన సన్యాసులు మొదట్లో ప్రార్థన చేసుకున్నది ఇక్కడే. అప్పటికే ఈ ప్రాంతపు రాజ్యమైన కెంట్ రాజు ఎథెల్‌బర్ట్ భార్య బెర్తా ఇక్కడ క్రీస్తును ఆరాధించేది. రాజు మాత్రం ఇంకా పాత దేవతలనే కొలిచేవాడు. నేటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని ఏలిన ఫ్రాంకుల ఇంటి ఆడపడుచు పుట్టింటి నుంచి వెంట తెచ్చుకున్న దేవుడు ఒక దేశానికే దేవుడయ్యాడన్న సంగతి, రోమన్ల నాటి ఎర్ర ఇటుకలున్న ఆ గోడ ముందు నన్ను చాలాసేపు నిలబెట్టింది.

కేథడ్రల్‌లో, 1170 డిసెంబరు 29న రెండవ హెన్రీ రాజు సామంత యోధులు నలుగురు ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను నరికి చంపిన చోటు చూశాను. నాలుగేళ్ల తర్వాత ఆ రాజే ప్రాయశ్చిత్తంగా ఈ ఊళ్లో వట్టికాళ్లతో నడిచి వచ్చి సన్యాసుల చేత కొరడా దెబ్బలు తిన్నాడు. 1220లో, పునీతుడిగా కొలుస్తున్న బెకెట్ అస్థికలను పై మందిరానికి చేర్చాక మూడు వందల ఏళ్లకు పైగా యాత్రికులు వస్తూనే ఉన్నారు. అక్కడికి ఎక్కే రాతి మెట్లు వాళ్ల పాదాలకూ మోకాళ్లకూ అరిగి మధ్యలో గుంటలు పడ్డాయి. తిరుమలలో మోకాళ్ల పర్వతం ఎక్కిన నాకు ఆ అరుగుదల పరాయిదిగా అనిపించలేదు. 1538లో ఎనిమిదవ హెన్రీ ఆ సమాధిని పగలగొట్టించి, బంగారాన్నీ రత్నాలనూ ఖజానాకు తరలించాడు. ఇప్పుడు అక్కడ ఉన్నది ఖాళీ నేల, దాని మీద వెలుగుతున్న ఒకే ఒక్క కొవ్వొత్తి. ఒక రాజాజ్ఞతో సమాధి పోయింది గాని, మెట్ల మీది గుంటలను ఏ ఆజ్ఞా పూడ్చలేకపోయింది.

పగటిపూట చూడడానికి టికెట్టు కొనాలి. సాయంకాలపు ఈవెన్‌సాంగ్ ఆరాధనకు ఎవరైనా ఉచితంగా రావచ్చు. గాయకుల కన్నా వినేవారు పెద్దగా ఎక్కువ లేరు. 2011 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్స్‌లలో క్రైస్తవులమని రాయించుకున్నవారు 59.3 శాతం కాగా 2021 నాటికి 46.2 శాతానికి తగ్గారు. ఏ మతమూ లేదన్నవారు 37.2 శాతం. ఆ అంకెలు మనసులో పెట్టుకునే కూర్చున్నాను.

నా పక్కన కూర్చున్న పెద్దావిడ, గాయకులు పాడుతున్న కీర్తనకు పుస్తకం తెరవకుండానే పెదవులు కదిపింది. విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు అందరితోపాటు లేచి తూర్పుకు తిరిగింది గాని, నోరు విప్పలేదు. బయటికి వచ్చాక నేను అడగకుండానే, జనాభా లెక్కల్లో తాను మతం లేదనే రాశానని, చిన్నప్పుడు నేర్చిన కీర్తనలను మాత్రం వదులుకోలేక వారానికి రెండుసార్లు వస్తానని చెప్పింది. గురువారం మళ్లీ వస్తానంటూ గొడుగు విప్పి వానలోకి నడిచింది.