నోట్‌బుక్‌లో నాలుగు ప్రశ్నలు

ఈ రోజు నా పార్కిన్సన్స్ జబ్బుకి చెకప్. ఆరు నెలలకోసారి ఒక పది నిమిషాలు. ఆ పది నిమిషాల కోసం వారం రోజుల నుంచి నోట్‌బుక్‌లో గంటల లెక్క రాస్తున్నాను. ఎన్నింటికి బిళ్ళ వేసుకున్నాను, ఎన్నింటికి చేతులూ కాళ్ళూ నా మాట విన్నాయి, ఎన్నింటికి మొరాయించాయి. పొద్దున ఆరింటికి వేసుకున్న లెవోడోపా, అదే నా పార్కిన్సన్స్ బిళ్ళ, ఏడుకల్లా పట్టుకుంటుంది, తొమ్మిదింబావుకి దిగిపోతుంది. పదింటి బిళ్ళ పనిచేసేదాకా గుండీ పెట్టుకోవడం కూడా యుద్ధమే.

అందుకే ఈసారి తెలివిగా తొమ్మిదిన్నరకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఎప్పుడూ మందు బాగా పనిచేసే వేళకే వెళ్తాను. చకచకా నడిచి చూపిస్తాను, బొటనవేలూ చూపుడువేలూ టకటకా ఆడిస్తాను, "బాగానే ఉన్నారు కదా" అనిపించుకుని వచ్చేస్తాను. నా ఆఫ్ టైమ్, అంటే మందు దిగిపోయి ఒళ్ళు మొరాయించే వేళ, డాక్టరు ఒక్కసారీ చూడలేదు. ఈసారి చూపిద్దామనుకుంటే, తీరా లోపలికి పిలిచేసరికి పది యాభై! పదింటి బిళ్ళ వెయిటింగ్ హాల్లోనే వేసేసుకున్నాను. డాక్టరుకి చూపించడం కోసం బిళ్ళ ఆపుకునేంత ధైర్యం నాకు లేదు. మళ్ళీ అదే చకచకా నడక. నవ్వొచ్చింది గానీ ముఖం మీదకి రాలేదు. నా ముఖం ఈ మధ్య ఏదీ బయటపెట్టదు, కోపంగా ఉన్నాననుకుంటారు అందరూ.

కూర్చోగానే డాక్టరు మా ఆయన వైపు తిరిగి, "ఎలా ఉంటోందండీ ఆవిడకి?" అన్నారు. ఈయన నోరు తెరవబోయారు. ముందే అనుకున్నట్టు మోకాలి మీద చెయ్యేశాను. ఆగిపోయారు. "నేను చెప్తాను డాక్టర్ గారూ" అన్నాను. స్పీచ్ థెరపీలో నేర్పింది అదే, నాకు అరిచినట్టు అనిపిస్తేనే ఎదుటివాళ్ళకి మామూలుగా వినపడుతుందట. అరిచాను. మాట మొదలవడానికి నాకు కాస్త సమయం పడుతుంది. ఆ కాసేపూ ఎవరూ మాట అందివ్వకపోవడమే నాకు కావలసిన సాయం. డాక్టరు పెన్ను కింద పెట్టి ఆగారు. మంచి మనిషే, ఇన్నాళ్ళూ నేనే అడగలేదు.

ఫోన్‌లో వీడియో చూపించాను. గుమ్మం దగ్గర పాదాలు నేలకి అతుక్కుపోయి, నడుం పైభాగం మాత్రం ముందుకి తూలుతోంది. పదకొండు సెకన్లే. డాక్టరు రెండుసార్లు చూశారు. నోట్‌బుక్ తిప్పారు. రోజు మొత్తం మోతాదు దాదాపు అంతే ఉంచి, నాలుగుసార్లు వేసుకునేదాన్ని మూడున్నర గంటలకోసారి ఐదుసార్లు చేశారు. రేపటి నుంచి ఆరు, తొమ్మిదిన్నర, ఒంటిగంట, నాలుగున్నర, ఎనిమిది. ఫిజియోథెరపీ సంగతి "తర్వాత చూద్దాం" అన్నారు. "ఆ తర్వాత అంటే ఎప్పుడు?" అని అడిగాను. చీటీ రాసిచ్చారు.

మూడో ప్రశ్న దగ్గర గొంతు వణికింది. పోయిన ఏడాది పిత్తాశయం ఆపరేషన్‌కి ఒక ఆసుపత్రిలో చేరాను. నా బిళ్ళలన్నీ తీసుకుని, వార్డులో అందరికీ మందులిచ్చే వేళకే నాకూ ఇచ్చారు. ఆరింటిది ఎనిమిదీ ఇరవైకి. ఆ రెండు గంటల ఇరవై నిమిషాలూ పక్కకి తిరగలేక, పిలుద్దామంటే గొంతు పెగలక, సీలింగ్ ఫ్యాన్ చూస్తూ పడుకున్నాను. 'పేషెంట్ సహకరించడం లేదు' అని కేస్ షీట్‌లో రాశారు. సాయంత్రం వాంతి వస్తోందంటే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ తెచ్చారు. అది మెదడులో కదలికల్ని నడిపే డోపమైన్ అనే రసాయనానికి అడ్డుపడుతుంది, ఈ జబ్బున్న మాకు పడదు. ఈయన సీసా మీద పేరు చదివి ఆపారు కాబట్టి సరిపోయింది. బ్రిటన్‌లో పార్కిన్సన్స్ యూకే సంస్థ ఆసుపత్రుల్లో మందు వేళకి అందాలని ఒక ఉద్యమమే నడుపుతోంది. చెప్పిన టైముకి అరగంట అటూ ఇటూ దాటకూడదంటారు వాళ్ళు. అక్కడా అడిగితే గానీ జరగడం లేదన్నమాట. నాకైతే ఒక ఉత్తరం చాలు. మందుల వేళలు, ఇవ్వకూడని మందులు, హఠాత్తుగా ఆపితే ప్రమాదమన్న మాట, కింద సంతకం. డాక్టరు అక్కడే టైపు చేయించి ఇచ్చారు. మూడు జిరాక్సులు తీయించాం.

1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి మొదట రాసినప్పుడు ఆయన దగ్గరున్నది ఆరుగురి వివరాలట. అందులో ఒకరిని దూరం నుంచి చూశాడంతే. ఆ మనిషిని ఆపి, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అని ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేవాడో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

లిఫ్ట్‌లో దిగుతుంటే గుర్తొచ్చింది, నాలుగో ప్రశ్న అడగనే లేదు. మర్చిపోయానని ఈయనతో అన్నాను గానీ, నిజానికి సిగ్గేసింది. అది సరిగ్గా లేకపోతే బిళ్ళలు పట్టుకోవడమూ ఆలస్యమవుతుందని తెలిసీ!

ఇప్పుడు రాత్రి తొమ్మిది దాటింది. సాయంత్రం ఆరింటి బిళ్ళ దిగిపోయినట్టుంది. ఈ పేజీ పైన గోరంత ఉన్న అక్షరాలు కిందికొచ్చేసరికి చీమల బారయ్యాయి. పెద్దగా రాయాలి, పెద్దగా రాయాలి అని లోపల అనుకుంటూ రాస్తేనే పెద్దగా వస్తాయి. నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి, రెండు వరుసలు కలిపి పెద్ద అక్షరాలతో, మొదటి ప్రశ్నగా రాశాను: మలబద్ధకం.