58 దాటాక మళ్ళీ ఉద్యోగం: పీఎఫ్ కాగితాలతో నా అనుభవం

ఉద్యోగం దొరకడం ఒక ఎత్తు, దొరికాక పీఎఫ్ కాగితాలు సరిగ్గా పెట్టించుకోవడం ఇంకో ఎత్తు. రిటైరై మళ్ళీ ప్రైవేటులో చేరాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను చాలా ఏళ్ళు స్టోర్స్‌లో పనిచేశాను. 58 నిండి బయటికొచ్చాక పీఎఫ్ పెన్షన్ కోసం ఫారం 10డి పెట్టబోతే, పాత కంపెనీవాళ్ళు పీఎఫ్ పోర్టల్‌లో నా ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం మానేసిన తేదీ) వేయనేలేదు. అది లేకుండా క్లెయిమ్ కదలదు. ఫోన్ చేసినప్పుడల్లా "చేస్తాం సార్" అనేవాళ్ళు. చివరి జమ పడ్డ నెల తర్వాత రెండు నెలలు గడిస్తే, ఆధార్ ఓటీపీతో మనమే ఆ తేదీ వేసుకోవచ్చు. నేనూ అదే చేశాను.

పెన్షన్‌ని 60 దాకా వాయిదా వేస్తే ఏడాదికి 4 శాతం పెరుగుతుంది. పిల్లాడి చదువు ఇంకా అవ్వలేదు కాబట్టి నేను ఆగలేదు. వచ్చేది నాలుగంకెల పెన్షనే. పీఎఫ్ డబ్బు మాత్రం ముట్టుకోలేదు. 55 దాటి రిటైరై పీఎఫ్ మొత్తం తీసేసుకున్నవాళ్ళని కొత్త కంపెనీ మళ్ళీ పీఎఫ్‌లో చేర్చాలన్న రూలు లేదు. చేతిలో వేరే ఆధారం ఉంటే, తొందరపడి ఖాతా ఖాళీ చేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక ఉద్యోగాల వేట. పెద్దవాళ్ళ కోసమే కేంద్రం 2021లో 'సేక్రెడ్' పోర్టల్ పెట్టింది కదా అని వెళ్తే, అది 60 నిండినవాళ్ళకట. ప్రైవేటు కంపెనీలకి ముసలివాణ్ణి, ప్రభుత్వ పోర్టల్‌కి కుర్రాణ్ణి! చివరికి పని తెలిసినవాళ్ళ ద్వారానే దొరికింది. ఇంటర్వ్యూలో కుర్ర మేనేజర్ నా ముందు ఎక్సెల్ షీట్ పెట్టి, స్టాకు ఎందుకు తేడా వస్తోందో చెప్పమన్నాడు. ఒక వరసలో పెట్టెలు, ఇంకో వరసలో కిలోలు లెక్క రాసి ఉన్నాయి. అది చూపించాక నా వయసు మాటే ఎత్తలేదు.

జీతం 22,000. ఇఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) జీతం పరిమితి 21,000 కాబట్టి ఆ వెయ్యి వల్ల అది పోయింది. అందుకే గ్రూప్ ఇన్సూరెన్స్‌లో నా బీపీకి కవరేజీ ఉందో లేదో ముందే అడిగి మెయిల్ తెప్పించుకున్నాను.

అసలు తిరకాసు చేరిన రోజు ఫారం 11 (కొత్త ఉద్యోగంలో పీఎఫ్ కోసం నింపే ఫారం) దగ్గర వచ్చింది. పాత ఉద్యోగం వివరాల్లో పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) నంబరు గడి ఉంటుంది. హెచ్‌ఆర్ అమ్మాయి దాన్ని ఖాళీగా వదిలేసింది. "అది పెన్షన్ వచ్చేవాళ్ళకి అంకుల్" అంది. "నాకు వస్తోందమ్మా" అన్నాను. పెన్షన్ తీసుకుంటూ ఉద్యోగం చేయొచ్చా అని ఆమెకి డౌటు. చేయొచ్చు. పీఎఫ్‌లో ఉండటానికి వయసు పరిమితి లేదు. 58 నిండాక ఆగేది పెన్షన్ స్కీముకి కట్టే వాటా. పెన్షన్ వాయిదా వేసుకుని, 60 దాకా కడతామని కోరుకున్నవాళ్ళ సంగతి వేరు.

నెలాఖరున జీతం లెక్క డ్రాఫ్ట్ చూపించమన్నాను. పీఎఫ్ లెక్కకి తీసుకున్న 15,000 మీద నా వాటా 1,800. కంపెనీ వాటాలో పీఎఫ్‌కి 550, పెన్షన్‌కి 1,250. అంటే సాఫ్ట్‌వేర్ అందరికీ వేసినట్టే నాకూ వేసేసింది. నాకు రావాల్సింది పీఎఫ్‌లో 1,800, పెన్షన్ గడిలో సున్నా. కంపెనీ ఆ నెల పీఎఫ్ రిటర్న్ ఫైల్ చేశాక బయటపడితే, తప్పు ఖాతాలో పడ్డ డబ్బుని వెనక్కి మార్పించడానికి కంపెనీ, పీఎఫ్ ఆఫీసు మధ్య తిరగాలి. ఆ టెన్షన్ ఎవరికి కావాలి? పీపీఓ జిరాక్స్ జతచేసి ఒక మెయిల్ పెట్టాను. ఆ అమ్మాయి వాళ్ళ కన్సల్టెంట్‌ని అడిగి సరిచేసింది. తర్వాత పాస్‌బుక్‌లో చూస్తే పెన్షన్ కింద సున్నాయే ఉంది.

మొన్న ఒక పెద్దాయన డ్రైవరుగా చేరారు. ఆ అమ్మాయి ఫారం పట్టుకుని నా టేబుల్ దగ్గరికొచ్చింది. "అంకుల్, ఈయనకీ సున్నానేనా?"

"వయసెంతమ్మా?"

"57."

"ముందే పెన్షన్ మొదలైందేమో అడుగు. కాకపోతే 58 నిండేదాకా కట్టాల్సిందే."