అమ్మ అరికాళ్ల తిమ్మిరి

మూడేళ్ల క్రితం విజయనగరంలో సిరిమానోత్సవం చూసి, గంటస్తంభం మీదుగా ఇంటికి నడిచి వస్తుండగా మా అమ్మ ఎడమ కాలి చెప్పు ఎక్కడో జారిపోయింది. గుమ్మం దగ్గర నేను చూసి చెప్పేదాకా ఆ సంగతి ఆవిడకు తెలియలేదు. అరికాళ్లలో తిమ్మిర్లు, రాత్రిళ్లు మంటలు అప్పటికే ఏడాదిగా ఉన్నాయి. పన్నెండేళ్లుగా షుగర్ ఉన్న మనిషికి నరాలు దెబ్బతినడం మామూలేనని మేమూ అనుకున్నాం, చూపించుకున్న చోటా అదే చెప్పి నొప్పి మాత్రలు రాశారు.

షుగర్ ఇంత అదుపులో ఉండగా కాళ్లు ఎందుకిలా ఉన్నాయని అడిగింది మరొక వైద్యురాలు. నాలుక చూపించమన్నారు. అది ఎర్రగా, నున్నగా ఉంది. కారం తగిలితే మండుతోందని అమ్మ అప్పుడు గాని చెప్పలేదు. రక్తపరీక్షలో బి12 విటమిన్ 148 వచ్చింది, కనీసం 200 ఉండాలి. హిమోగ్లోబిన్ బాగానే ఉండడం వల్ల ఎవరికీ అనుమానం రాలేదు గాని, రక్తహీనత లేకుండానే ఈ లోపం నరాలను దెబ్బతీయగలదట.

బి12 జీర్ణాశయంలో ఊరే ఒక ప్రోటీన్‌తో జతకట్టి చిన్న పేగు చివరి భాగానికి చేరి, అక్కడ కాల్షియం తోడుంటేనే ఒంటికి పడుతుంది. షుగర్‌కు రోజూ వేసుకునే మెట్‌ఫార్మిన్ ఆ చివరి మెట్టు దగ్గరే అడ్డుపడుతుందని భావిస్తున్నారు. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కనుక, మందు మొదలుపెట్టిన చాలా కాలానికి గాని లోటు బయటపడదు. దీనికి తోడు నాన్నగారు పోయాక అమ్మ బి12 దొరికే చేపలు మానేసింది, పాలు కూడా టీలో పడేవే. పైగా పొద్దున్నే కడుపులో ఆమ్లాన్ని తగ్గించే గ్యాస్ మాత్ర వేసుకునేది, ఆహారంలోని బి12 విడిపడాలంటే ఆ ఆమ్లమే కావాలి! బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2022లో బి12 లోపాన్ని మెట్‌ఫార్మిన్ వల్ల తరచుగా కలిగే దుష్ఫలితంగా ప్రకటించింది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలోని మా బంధువులకు కిడ్నీల పనితీరు చెప్పే తమ క్రియాటినిన్ అంకె కంఠతా వచ్చు, బి12 అంకె మాత్రం ఒక్కరికీ తెలియదు.

సంగతి వినగానే మెట్‌ఫార్మిన్ మానేస్తానని అమ్మ పట్టుబట్టింది. మానితే షుగర్ పెరిగి అదే నరాలను తినేస్తుందని వైద్యురాలు మందలించి, మాత్రలు కొనసాగిస్తూనే బి12 ఇంజక్షన్లు మొదట రోజు విడిచి రోజు, తరువాత నెలకొకటి ఇప్పించారు. నాలుక మంట కొద్ది వారాల్లోనే పోయింది. తిమ్మిర్లు తగ్గడానికి ఆరు నెలలు పట్టింది, ఎడమ బొటనవేలి మొద్దుతనం మాత్రం ఇప్పటికీ పోలేదు. మొన్నటి సిరిమానుకు వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుని వచ్చింది.