అరుగును చుట్ట చుట్టిన హోటల్

ఈ వేసవి సెలవులకు నేను పెట్టుకున్న పని పేరు ఘనంగానే ఉంది: ‘భవనాల లోపలి ఉమ్మడి స్థలాలు, మనుషుల మధ్య చనువు’. విజయవాడలో ఆర్కిటెక్చర్ పాఠాలు చెప్పుకునేదాన్ని, ఏడాదికోసారి ఇలాంటిదేదో చేయకపోతే చెప్పిందే చెప్పి విసుగొస్తుంది. మా ఆయన మాత్రం “అంటే హోటళ్లు తిరిగి కాఫీలు తాగడమేగా” అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తిరువనంతపురం వెళ్లింది ఒక కాఫీ హోటల్ కోసమే.

స్టేషన్ బయటికొస్తే అదే తంపానూర్. ఎదురుగా బస్టాండు, దాని పక్కన వడ్లు పోసుకునే గాదెను ఎవరో పట్టుకుని మెలిపెట్టినట్టు ఎర్రటి గుండ్రటి కట్టడం. ఇండియన్ కాఫీ హౌస్. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కట్టినది. జాగా చాలా చిన్నది. మామూలుగా ఒక హాలు, మెట్లు, పైన ఇంకో హాలు అనుకుంటే సగం జాగా మెట్లకూ నడవాలకే పోయేది. ఆయన నడవానే హోటల్ చేసేశాడు.

లోపలికెళ్లగానే హాలు కోసం వెతికాను. హాలు లేదు. అడుగు పెట్టిన దగ్గర్నుంచే నేల పైకి వాలుగా లేస్తుంది. మధ్యలో గుండ్రటి స్తంభంలాంటి గది, దాని చుట్టూ మెలికలు తిరుగుతూ ఎక్కే దారి, బయటి గోడ వైపు వరసగా బల్లలు. కుర్చీలు లేవు. బల్లా, కూర్చునే దిమ్మా అన్నీ కట్టేసినవే. దారి వాలుగా ఉన్నా బల్ల మాత్రం మట్టసంగా ఉంటుంది, కప్పులో కాఫీ ఒలకదు. గోడంతా ఇటుకల మధ్య కన్నాలు వదిలి కట్టిన జాలీ. ఎండ వాటిలోంచి చుక్కలు చుక్కలుగా బల్ల మీద పడుతోంది, బస్టాండు రొద కూడా అదే దారిన వస్తోంది.

నాకు మా అమ్మమ్మగారి ఇంటి అరుగు గుర్తొచ్చింది. అదీ కట్టేసినదే, జరపడానికి లేదు. వచ్చినవాళ్లే జరిగి కూర్చోవాలి. ఆ అరుగునే లోపలికి తెచ్చి చుట్ట చుట్టి పెడితే ఇలా ఉంటుంది.

ఇంకో సంగతి ఆడవాళ్లకే తెలుస్తుంది. మా వైపు ఒక పేరున్న టిఫిన్ హోటల్లో పొద్దున్నే ఒంటరిగా వెళ్లి కూర్చుంటే “మేడమ్, ఫ్యామిలీ సెక్షన్ పైన ఉందండి” అని లేపారు. పైన ఎవరూ లేరు, ఫ్యాన్ కూడా తిరగడం లేదు. ఏసీ హాలు ఒక రేటు, మామూలు హాలు ఒక రేటు, ఆడవాళ్లకొక మూల. ఇక్కడ ఆ ఎత్తు పారదు. ఉన్నది ఒకే దారి, విడగొట్టడానికి చోటేది?

నేను మసాలా దోసె చెప్పాను. లోపల కూర బీట్‌రూట్‌తో ఎర్రగా ఉంటుందని విన్నాను, నిజమే. (రుచి సంగతి అడక్కండి, మనకు అలవాటు లేదు.) తెల్ల యూనిఫారం, విసనకర్రలా విచ్చుకున్న తలపాగాతో బేరర్ ట్రే పట్టుకుని ఆ వాలు ఎక్కుతుంటే చూడాలి, ముందుకు వంగడు, వెనక్కి వాలడు. ఇంతలో ఒక పెద్దాయన వచ్చి అడక్కుండానే నా ఎదురుగా కూర్చుని మలయాళం పేపరు విప్పారు. పలకరించలేదు, తల మాత్రం ఊపారు. నాకు ఇబ్బంది అనిపించలేదు. పక్కనుంచి ఎవరో ఒకరు ఎక్కుతూ దిగుతూ ఉండేచోట ఒంటరినన్న టెన్షన్ ఉండదు.

దోసె అయ్యాక దారి వెడల్పు చూద్దామని బ్యాగులోంచి టేపు తీశాను. గుండ్రటి డబ్బా టేపు. చేయి జారింది. వాలు కదా, దొర్లడం మొదలెట్టింది. గోడకు తగిలి, మళ్లీ దొర్లి, ఒక్కో బల్ల దగ్గరా ఒక్కో తల పైకి లేపించుకుంటూ మలుపు తిరిగి కనబడకుండా పోయింది. కింద ఎవరో గట్టిగా నవ్వారు. కాసేపటికి అది ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతూ పైకొచ్చింది. చివరిగా అందించిన కాలేజీ కుర్రాడు “ఇంజినీరా?” అని ఇంగ్లీషులో అడిగాడు. “టీచర్ని” అంటే లేచి నిలబడబోయాడు. వెడల్పు కొలవడం మరిచిపోయాను.

అసలు ఈ ఇండియన్ కాఫీ హౌసుల పుట్టుకలోనే కలిసి బతకడం ఉంది. 1950లలో ప్రభుత్వ కాఫీ బోర్డు తన కాఫీ హౌసులు మూసేస్తుంటే ఉద్యోగాలు పోయినవాళ్లను కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ సహకార సంఘాలుగా కూడగట్టారు. కేరళలో మొదటిది 1958లో త్రిశూర్‌లో తెరిచారు. కాఫీ తెచ్చిచ్చేవాళ్లే సంఘం సభ్యులు. బేకర్ 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, 1945లో కుష్ఠు రోగులకు సేవ చేసే సంస్థ పనిమీద మన దేశం వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. 1980ల చివర్లో పౌరసత్వం తీసుకున్నాడు, 2007లో ఈ ఊళ్లోనే పోయాడు. తక్కువ ఖర్చుతో కట్టాలన్న పట్టుదలే ఆయన చేత ఈ మెలిక వేయించింది. మనుషుల్ని కలుపుదామని కాదు, ఇటుక మిగుల్చుదామని మొదలెట్టి ఉంటాడని నా అనుమానం.

లోపాలు లేకపోలేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది బల్లలకోసమే కాచుకుంటారు. బొద్దుగా ఉన్నవాళ్లు బల్లకీ దిమ్మకీ మధ్య ఇరుక్కుంటారు, కుర్చీ అయితే వెనక్కి జరుపుకోవచ్చు. ఆరుగురు స్నేహితులొస్తే ఒకచోట కుదరదు, రెండు బల్లలకు విడిపోయి ఒకళ్ల తల మీదుగా ఒకళ్లు మాట్లాడుకోవాల్సిందే.

మర్నాడు ఉళ్లూరులో బేకర్ కట్టిన పరిశోధనా సంస్థ భవనాలు చూసొచ్చాను. బాగున్నాయి, కానీ నా పనికి సంబంధం తక్కువ. సాయంత్రం రైలుకు ముందు మళ్లీ కాఫీ హౌసుకే వెళ్లాను. అదే బల్ల ఖాళీగా లేదు. నిన్నటి పెద్దాయన ఉన్నారు. ఈసారి నేనే అడక్కుండా ఎదురుగా కూర్చున్నాను. ఆయన తల ఊపి, పేపర్లోంచి ఆటల పేజీ విడదీసి నా వైపు జరిపారు. నాకు మలయాళం ఒక్క అక్షరం రాదని చెప్పబుద్ధి కాలేదు. అంకెలు తెలుస్తాయి కదా, కాఫీ వచ్చేదాకా స్కోర్లు చూసుకుంటూ కూర్చున్నాను.