పట్టేసిన పవర్ స్ప్రేయర్: కొత్త పిస్టన్ కొనేముందు పాతదాన్ని చూడండి

అనంతపురం జిల్లా నార్పల, పుట్లూరు వైపు చీనీ (బత్తాయి) తోటలున్న ఇళ్లలో వీపున తగిలించుకునే పెట్రోల్ స్ప్రేయర్ మామూలే. దాని టూ స్ట్రోక్ ఇంజను చిన్నది. చాలావాటికి బోరు 34 మి.మీ., సుమారు 26 సీసీ. (నీళ్ల బోరు కాదు, పిస్టన్ పైకీ కిందికీ ఆడే సిలిండర్ బోరు!) అది పట్టేస్తే పిస్టన్ కిట్ తెచ్చి వేసేస్తారు. నాలుగు రోజులకు మళ్లీ పట్టేస్తుంది, కారణం లోపలే ఉండిపోయింది కాబట్టి.

బోల్టులు విప్పి బోరును తిప్పకుండా నిటారుగా పైకి లాగండి. తిప్పితే రింగు కొన పోర్టులో (బోరు గోడలోని రంధ్రంలో) ఇరుక్కుని విరుగుతుంది. ఇక పిస్టన్ చూడండి. సైలెన్సర్ వైపు మాత్రమే గీతలుంటే ఇంజను వేడెక్కింది, లేదా ఎక్కడినుంచో గాలి లాగి పెట్రోల్ చాల్లేదు. చుట్టూ గీతలుంటే ఆయిల్ కలపని పెట్రోల్ పోశారు. కార్బురేటర్ వైపు గరుకుకాగితంతో రుద్దినట్టు మసకబారితే దుమ్ము లోపలికి పోయింది. మన ఎర్రనేలల్లో ఇదే ఎక్కువ. స్పాంజి ఫిల్టర్ను సబ్బునీళ్లలో కడిగి, బాగా ఆరాక నాలుగు చుక్కల ఆయిల్ వేసి పిండి పెట్టాలి. ఫిల్టర్ తీసేసి నడిపేవాళ్లకు ఎన్ని పిస్టన్లు తెచ్చినా చాలవు.

గాలి లాగడం కంటికి కనపడదు. యాక్సిలరేటర్ వదిలినా ఇంజను వెంటనే దిగకుండా రయ్యిమంటుంటే ముందు క్రాంకు ఆయిల్ సీళ్లను, కార్బురేటర్ ప్యాకింగును అనుమానించండి. పాత బీపీ మిషన్ బల్బూ మీటరూ ఉంటే పరీక్ష ఇంట్లోనే అయిపోతుంది. సైకిల్ ట్యూబు ముక్కలతో కార్బురేటర్ వైపు, సైలెన్సర్ వైపు పోర్టులు రెండూ మూసి, ప్లగ్గు బిగించి, కార్బురేటర్ వైపు మూతలోంచి మీటరులో 250 వరకు గాలి కొట్టండి. నిమిషంలో ముల్లు పడిపోతే సబ్బునీళ్లు పూసి చూడండి, బుడగలొచ్చిన చోటే లీకు.

క్రోమ్ పూత బోరుకు అల్యూమినియం అంటుకుంటే బోరు పారేయక్కర్లేదు. గ్లవ్స్ వేసుకుని, ఆరుబయట, పుల్లకు చుట్టిన దూదితో బాత్‌రూమ్ యాసిడ్ ఆ మరకకే అద్దండి. నురగ ఆగాక నీళ్లతో కడిగి, ఆరబెట్టి, వెంటనే ఆయిల్ రాయండి. పూత లేచిపోయిన చోట యాసిడ్ బోరునే తినేస్తుంది, అలాంటిది మార్చాల్సిందే.

కొత్త రింగును బోరులో పెట్టి పిస్టన్‌తో సమంగా తోసి, కొనల మధ్య సందు ఫీలర్ గేజితో (సందులు కొలిచే పల్చటి రేకులతో) చూడండి. 0.15 నుంచి 0.3 మి.మీ. ఉంటే సరి, 0.6 దాటితే పనికిరాదు. పిస్టన్ మీది బాణం సైలెన్సర్ వైపుకే. రింగు కొనలు గాడిలోని పిన్నుకు అటూ ఇటూ కూర్చోవాలి. పిస్టన్ పిన్ను జారకుండా పట్టే పాత సర్‌క్లిప్పులు మళ్లీ వాడొద్దు. ఒకటి ఊడితే కొత్త బోరు కూడా పోయినట్టే. మాగ్నెట్‌కూ ప్లగ్గుకు కరెంటిచ్చే కాయిల్‌కూ మధ్య సందు 0.3 మి.మీ., అంటే విజిటింగ్ కార్డు మందం.

ఆయిల్ సంగతి: కంపెనీ పుస్తకంలో 25:1 అని ఉంటే లీటరు పెట్రోల్‌కు 40 మి.లీ. టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్, 50:1 అయితే 20. మోటార్‌సైకిల్ ఇంజన్ ఆయిల్ ఇందులోకి పనికిరాదు. మంచిదని ఎక్కువ పోసినా చిక్కే, అంతమేర పెట్రోల్ తగ్గుతుంది, సైలెన్సర్లో మసి పేరుకుంటుంది.

మొదటి ట్యాంకు అయ్యేదాకా సగం యాక్సిలరేటర్ మీదే నడపండి. చల్లారాక బోరు బోల్టులు ఒకసారి బిగించి చూసి, తర్వాత తోటలోకి తీసుకెళ్లండి.