ఒంటరి సెల్లో మెదడుకి ఏమవుతుంది?

జైలు నుంచి వచ్చినవాడికి పని ఎవరిస్తారు, ఇల్లు ఎవరు అద్దెకిస్తారు అని అప్పుడప్పుడూ మాట్లాడుకుంటాం. కానీ అసలు నలుగురితో కలిసి బతకగలిగే స్థితిలో వాణ్ణి బయటికి పంపుతున్నారా అన్నది ఎవరూ అడగరు.

అమెరికాలో లూసియానా రాష్ట్రంలో అంగోలా అని పిలిచే పెద్ద జైలుంది. అక్కడ రాబర్ట్ కింగ్ అనే ఆయన్ని 29 ఏళ్లు ఒంటరి సెల్లో ఉంచారు. 2001లో విడుదలయ్యాడు. 2018లో శాన్ డియెగోలో మెదడు శాస్త్రవేత్తల సదస్సుకి వెళ్లి తన పరిస్థితి చెప్పుకున్నాడు, చూపు దెబ్బతిందనీ, దారులు తికమకగా ఉంటాయనీ. దారులు గుర్తుపెట్టుకోవడానికి మెదడులో ముఖ్యమైన భాగం హిప్పోకాంపస్. ఎక్కువకాలం టెన్షన్ పడితే ముందు దెబ్బతినే భాగాల్లో అదొకటి. అంటార్కిటికాలో ఒక జర్మన్ స్థావరంలో 14 నెలలున్న తొమ్మిదిమందిని పరీక్షిస్తే, ఆ హిప్పోకాంపస్‌లోనే ఒక చిన్న భాగం సుమారు 7 శాతం కుంచించుకుపోయిందని 2019లో తేలింది. వాళ్లు ఇష్టపడి వెళ్లినవాళ్లు, పైగా తోడున్నవాళ్లు! తొమ్మిదిమందిని చూసి అన్నీ తేల్చెయ్యలేం గానీ, ఏ తోడూ లేనివాడి సంగతి ఊహించుకోండి.

ఇది అమెరికా గొడవ అనుకోకండి. బ్రిటిష్‌వాళ్ల చట్టాలు తీసేస్తున్నాం అని చెప్పి 2024 జులై నుంచి అమల్లోకి తెచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఒంటరి నిర్బంధం అలాగే ఉంది, 11, 12 సెక్షన్లు. మొత్తం మూడు నెలలు మించకూడదట, ఒక్క విడతకి 14 రోజులు దాటకూడదట. 1860 నాటి ఐపీసీ 73, 74 సెక్షన్లలో ఉన్నదీ ఇదే. వరసగా 15 రోజులు దాటితే నిషేధం అని ఖైదీలని ఎలా చూడాలో చెప్పే ఐక్యరాజ్యసమితి మండేలా నియమాలు 2015లో చెప్పాయి కాబట్టి, రోజుల లెక్కలో మాత్రం కాగితం మీద మనం తప్పు చెయ్యట్లేదు, అంతే.

1977లో గియాసుద్దీన్ కేసులో, అది మన ఆంధ్రప్రదేశ్ కేసే, సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్ నేరస్తుణ్ణి బాగుచెయ్యొచ్చనే నమ్మకంతో శిక్ష తగ్గించారు. అప్పటికి మెదడు ఎమ్మారైలేమీ లేవు, మనిషి మారతాడని ఆయనకి తెలుసు, అంతే. ఇప్పుడు మనిషి పెద్దయ్యాక కూడా మెదడు మారుతుందని శాస్త్రం చెబుతోంది, మరి జైళ్లలో ములాఖత్‌ని మాత్రం ఇంకా దయగా ఇచ్చే సదుపాయంలాగే చూస్తున్నారు. నా లెక్కలో ములాఖత్, చదువు, నలుగురితో కలిసి చేసే పని అనేవి వైద్యంతో సమానం. చంచల్‌గూడలో జైళ్లశాఖ పెట్రోల్ బంకు ఉంది కదా, ఖైదీలే పెట్రోల్ కొడతారు. రోజంతా కొత్త మొహాలతో మాట్లాడటం, చిల్లర లెక్కపెట్టడం, విసుక్కునే కస్టమర్‌కి ఓపిగ్గా బదులివ్వడం, ఇంతకన్నా మంచి చికిత్స నాకైతే తెలీదు.

ఒక్కటే భయం. రేపు ఎవడో తెలివైనవాడు విడుదలకి ముందు స్కాన్ తీసి, మెదడు బాగుంటేనే వదులుదాం అంటాడు. 2008లో పుణె కోర్టు, నేరం తాలూకు జ్ఞాపకం ఉందో లేదో చెబుతుందనే ఒక బ్రెయిన్ టెస్టుని కూడా సాక్ష్యంగా తీసుకుని యావజ్జీవం వేసింది. ఒప్పుకోకుండా అలాంటి పరీక్షలు చెయ్యకూడదని 2010లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. శిక్షాకాలం అయిపోయినవాడు బయటికి రావడానికి ఎమ్మారై రిపోర్టు చూపించాల్సిన అవసరం లేదు. పరీక్షలు పెట్టాలంటే జైలుకే పెట్టండి.